సొంతంగా సర్వర్ నేర్చుకుందాం, 3వ భాగం: అపాచీ లేవకపోతే ఏ లైన్ చదవాలె

పోయిన భాగంల ఉబుంటు లైనక్స్ మీద అపాచీ, అంటే వెబ్ పేజీలు పంపే సర్వర్ ప్రోగ్రామ్, ఎక్కించి, బ్రౌజర్ల లోకల్‌హోస్ట్ అని కొట్టి ఆ మొదటి పేజీ చూసినం కదా. ఇయ్యాల అది లేవనప్పుడు ఏం చెయ్యాల్నో చూద్దాం. ఎక్కించుడు రెండు కమాండ్ల పని, ఎవ్వరైనా చేస్తరు, అది మొండికేసి కూసున్ననాడు దానికి ఏం నొప్పి ఉన్నదో అడిగి తెలుసుకునుడే అసలు విద్య.

ముందుగాల ఒక మాట. కమాండ్లు, ఎర్రర్లు అన్నీ తెలుగు అక్షరాలల్లనే రాస్తున్న, మీరు టెర్మినల్ల ఇంగ్లీషు చిన్న అక్షరాలతోని కొట్టాలె. డాట్ అన్న కాడ చుక్క, అండర్‌స్కోర్ అన్న కాడ కింది గీత పెట్టుకోండి.

మిరుగం వచ్చిందంటే వరంగల్ల విత్తనాల షాపుల ముందు ఎట్లుంటదో మీకు తెల్సు, పొద్దున ఏడు గంటలకే ఊర్లకెళ్లి రైతులు వచ్చి పత్తి విత్తనాల కోసం నిలబడుతరు. అట్లాంటి ఒక షాపుల స్టాక్ చూసుకునే పేజీ ఒక చిన్న కంప్యూటర్ మీద నడుస్తది, అపాచీ, పేజీ తయారుచేసే పీహెచ్‌పీ భాష, అంతే. అక్కడ పనిచేసే తమ్ముడు రాత్రి ఖాళీగ ఉన్నదని ఉబుంటు 20.04 నుంచి 22.04 కు అప్‌గ్రేడ్ కొట్టి ఇంటికి పోయిండు. తెల్లారి షటర్ లేపేసరికి పేజీ రాలే. నాకు ఫోన్ చేసి, "అన్నా, నాలుగుసార్లు తీసేసి మల్ల ఎక్కించిన, మల్ల అదే ఎర్రర్ వస్తున్నది, కొత్త హార్డ్ డిస్క్ తెమ్మంటవా" అని అడిగిండు. గొంతు వింటనే అర్థమైంది, వెనకాల షాపు ఓనరు, బయట జనం.

నాలుగుసార్లు ఎక్కిస్తే ఎందుకు పోలేదంటే, ఆప్ట్ రిమూవ్ అని కొట్టినప్పుడు ప్రోగ్రామ్ పోతది గని ఈటీసీ ఫోల్డర్ల ఉన్న కాన్ఫిగ్ ఫైళ్లు, అంటే సెట్టింగులు రాసి ఉండే ఫైళ్లు, అట్లనే ఉంటయి. తప్పు ఉన్నదే ఆ ఫైళ్లల్ల. మీరు ఎన్నిసార్లు కొత్త ప్రోగ్రామ్ తెచ్చినా అది వచ్చి అదే పాత ఫైల్ చదివి అదే కాడ పడిపోతది. ఆప్ట్ పర్జ్ కొడితే ప్యాకేజీ కాన్ఫిగ్ గూడ పోతది నిజమే, కానీ దాంట్ల మీరు చేసుకున్న మార్పులు గూడ దాంతోనే పోతయి, ఏడాది కింద ఏం రాసినమో ఎవ్వరికి యాదికుంటది. అందుకే ఎర్రర్ చదవకముందు తీసేసుడు, ఎక్కించుడు వద్దు, దయచేసి వద్దు.

తమ్ముడు నాకు చదివి వినిపించిన ఎర్రర్ ఏందంటే "జాబ్ ఫర్ అపాచీ2 డాట్ సర్వీస్ ఫెయిల్డ్" అని. అది అపాచీ చెప్పిన మాట కాదు, సర్వీసులను లేపే, ఆపే సిస్టమ్‌డీ చెప్పింది, లేపిన, లేవలే అంటున్నదంతే. ఎందుకు లేవలేదో దాంట్ల ఉండదు. ఈ మాట పట్టుకొని నెట్‌ల వెతికితే వెయ్యి రకాల మందులు దొరుకుతయి, మనకు ఏ రోగమో తెల్వకుండనే అన్నీ మింగుతం. అపాచీనే అడగాలంటే ఇట్ల కొట్టాలె:

సుడో అపాచీసీటీఎల్ కాన్ఫిగ్‌టెస్ట్

ఇది సర్వర్‌ను లేపదు, ఆపదు, కాన్ఫిగ్ మొత్తం చదివి ఏడ ఆగిపోయిందో చెప్తది, నడుస్తున్న సర్వర్ మీద కొట్టినా ఏం కాదు. తమ్ముడితోని కొట్టిచ్చిన. వచ్చింది ఒక పొడుగాటి వాక్యం: అపాచీ2 డాట్ కాన్ఫ్ ఫైల్ల ఫలానా లైన్ మీద సింటాక్స్ ఎర్రర్, మాడ్స్-ఎనేబుల్డ్ ఫోల్డర్ల పీహెచ్‌పీ7.4 డాట్ లోడ్ ఫైల్ల 3వ లైన్ మీద సింటాక్స్ ఎర్రర్, లిబ్‌పీహెచ్‌పీ7.4 డాట్ ఎస్ఓ ఎక్కించలేకపోతున్న, నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ.

మన పిల్లలు చాలామంది ఇక్కడనే దారి తప్పుతరు. మొదట కనపడ్డ అపాచీ2 డాట్ కాన్ఫ్ తెరిచి ఆ లైన్ కాడికి పోతరు, అక్కడ చూస్తే ఇన్‌క్లూడ్‌ఆప్షనల్ అని మంచిగనే ఉంటది, దాన్ని తీసేస్తే ఎర్రర్ పోతది గని మాడ్యూళ్లు, అంటే అపాచీకి తగిలించుకునే అదనపు ముక్కలు, అన్నీ గూడ దాంతోనే పోతయి, ఇంకో పది ఎర్రర్లు మొదలైతయి. ఇసొంటి ఒకే వాక్యం వచ్చినప్పుడు చివరిదాక పోవాలె. పెద్ద ఫైల్ చిన్న ఫైల్‌ను పిలిచింది, చిన్న ఫైల్ ఒక మాడ్యూల్‌ను పిలిచింది, ఆ మాడ్యూల్ ఇంట్ల లేదు. 20.04 తోని వచ్చేది పీహెచ్‌పీ 7.4, 22.04 తోని వచ్చేది 8.1, అప్‌గ్రేడ్‌ల పాతది పోయింది, దాన్ని పిలిచే చీటీ మాత్రం మిగిలిపోయింది. అంతే సంగతి.

ఆ చీటీలు ఏడ ఉంటయో తెలుసుకోవాలె. ఈటీసీ స్లాష్ అపాచీ2 లోపల మాడ్స్-అవైలబుల్, మాడ్స్-ఎనేబుల్డ్ అని రెండు ఫోల్డర్లుంటయి. మొదటిదాంట్ల ఉన్నయన్నీ ఉంటయి, రెండోదాంట్ల వాడుకలో ఉన్నయి మాత్రమే, అవి గూడ అసలు ఫైళ్లు కావు, మొదటి ఫోల్డర్‌కు వేసిన లింకులు. లింకు వేసే కమాండ్ ఏ2ఎన్‌మాడ్, తీసే కమాండ్ ఏ2డిస్‌మాడ్. చేతితోని ఆ ఫోల్డర్ల ఫైళ్లు కాపీ చెయ్యకండి. ఇదంతా ఉబుంటు, డెబియన్ పద్ధతి. రాకీ, అల్మా లాంటి రెడ్‌హ్యాట్ కుటుంబంల పేరే హెచ్‌టీటీపీడీ, ఏ2ఎన్‌మాడ్ ఉండదు, కాన్ఫ్ డాట్ మాడ్యూల్స్ డాట్ డీ అనే ఫోల్డర్ల లోడ్‌మాడ్యూల్ లైన్లు ఉంటయి, నెట్‌ల దొరికిన సలహా ఏ కుటుంబానిదో చూసుకొని కొట్టండి.

తమ్ముడికి ఫోన్లనే చెప్పిన: ముందు సుడో ఏ2డిస్‌మాడ్ పీహెచ్‌పీ7.4, తర్వాత సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ లిబ్‌అపాచీ2-మాడ్-పీహెచ్‌పీ, మల్ల కాన్ఫిగ్‌టెస్ట్. ఈసారి సింటాక్స్ ఓకే అని వచ్చింది. దాంతోపాటు ఫుల్లీ క్వాలిఫైడ్ డొమైన్ నేమ్ తెల్వలే, 127.0.1.1 వాడుతున్న అని ఇంకో లైన్ వచ్చింది, ఏహెచ్00558 అని నంబర్ ఉంటది దానికి. అది హెచ్చరిక మాత్రమే, దాంతోని సర్వర్ ఆగదు. సర్వర్‌నేమ్ లోకల్‌హోస్ట్ అని ఒక లైన్ కాన్ఫిగ్‌ల పెడితే పోతది.

సింటాక్స్ ఓకే వచ్చింది కదా, రీస్టార్ట్ కొట్టమన్న. లేవలే.

ఇది బాగ గుర్తుపెట్టుకోండి, కాన్ఫిగ్‌టెస్ట్ చదివి చూస్తదంతే, పోర్ట్, అంటే రిక్వెస్టులు వచ్చే తలుపు నంబర్, దొరుకుతదా లేదా అని చూడదు. లేపేటప్పుడు వచ్చే గొడవ చూడాలంటే సుడో జర్నల్‌సీటీఎల్ -యూ అపాచీ2 అని కొట్టి, ఆఖరిసారి లేపిన కాడి నుంచి చదవాలె. తమ్ముడు చదివిండు. మొదటి లైన్ (98)అడ్రెస్ ఆల్రెడీ ఇన్ యూజ్, ఏహెచ్00072, 80 పోర్ట్‌కు కట్టుకోలేకపోయిన అని. తర్వాత అదే ఇంకోసారి. తర్వాత నో లిజనింగ్ సాకెట్స్ అవైలబుల్. ఆఖరికి ఏహెచ్00015, అనేబుల్ టు ఓపెన్ లాగ్స్. వాడు ఆఖరి లైన్ చూసి, "అన్నా, లాగ్ ఫోల్డర్ తెరుచుకుంటలేదట, 777 ఇయ్యాల్నా" అన్నడు.

మన దిక్కు కాకతీయుల గొలుసుకట్టు చెరువులు మీరు చూసే ఉంటరు. మీది చెరువు నిండి మత్తడి దుంకితే కింది చెరువుకు నీళ్లు వస్తయి, దాని మత్తడి దుంకితే ఇంకా కిందిదానికి. ఆఖరి చెరువు ఎండిందంటే ఆ చెరువు కట్ట తవ్వి చూసేటోడు ఎవ్వడూ ఉండడు, పైకి పోయి ఏ చెరువు కాడ ఆగిందో చూస్తరు. ఈ లైన్లు గూడ అంతే. పోర్ట్ దొరకలే కాబట్టి సాకెట్, అంటే ఆ పోర్ట్ మీద వినే చెవి, లేదు, సాకెట్ లేదు కాబట్టి ఆ దశ మొత్తం ఫెయిల్ అయింది, ఆ దశకు అపాచీ లోపల పెట్టుకున్న పేరు లాగులు తెరుచుడు, అందుకే ఆఖరికి ఆ మాట పడ్డది. లాగ్ ఫోల్డర్‌ల ఏ తప్పూ లేదు. దానికి 777 ఇస్తే ఎర్రర్ పోదు, పైగా ఎవ్వరైనా రాసేటట్టు తలుపు తెరిచి పెట్టినట్టయితది. ఒకే వాక్యం లోపల వాక్యం ఉంటే చివరిదాక పోవాలె అన్న కదా, వరుసగ చాలా లైన్లు వస్తే మాత్రం మొట్టమొదటిది చదవాలె. ఈ రెండింటికి తేడా తెలిస్తే సగం రాత్రులు మిగులుతయి మీకు.

80 పోర్ట్ ఎవ్వరి చేతిల ఉన్నదో చూసే కమాండ్ సుడో ఎస్ఎస్ -ఎల్‌టీఎన్‌పీ. 80 ఉన్న లైన్ చివర ఎన్‌జింక్స్ అని కనపడ్డది, అది అపాచీ లాంటిదే ఇంకో వెబ్ సర్వర్. నాలుగుసార్లు తీసుడు, ఎక్కించుడు చేసినప్పుడు నెట్‌ల ఏదో చూసి తమ్ముడే ఎన్‌జింక్స్ గూడ ఎక్కించిండు, అది లేచి కూసున్నది. సుడో సిస్టమ్‌సీటీఎల్ స్టాప్ ఎన్‌జింక్స్, ఆ తర్వాత డిజేబుల్ ఎన్‌జింక్స్, లేకపోతే రేపు కరెంటు పోయి వచ్చినంక మల్ల అదే ముందుగాల లేస్తది. రెండూ కావాలనుకుంటే పోర్ట్స్ డాట్ కాన్ఫ్‌ల లిజన్ 8080 అని మార్చి, సైట్ ఫైల్ల వర్చువల్‌హోస్ట్ కాడ ఉన్న 80 గూడ 8080 చెయ్యాలె, రెండోది చాలామంది మర్చిపోతరు. విండోస్‌ల క్సాంప్, అంటే అపాచీ, పీహెచ్‌పీ కలిపి వచ్చే ప్యాకేజీ, వాడేటోళ్లకు ఇదే రోగం వేరే వేషంల వస్తది, నెట్‌స్టాట్ -ఏఎన్ఓ కొడితే 80 పక్కన పీఐడీ (ప్రాసెస్ నంబర్) 4 అని కనపడ్తది, అది విండోస్ సిస్టమే, ఎక్కువసార్లు మైక్రోసాఫ్ట్ వెబ్ సర్వర్ ఐఐఎస్ సర్వీస్ నడుస్తుంటే అట్ల అయితది.

షాపుల పేజీ వచ్చింది, తమ్ముడు ఫోన్ పెట్టేసిండు. ఇగ మాడ్యూళ్లల్ల మీకు ఎక్కువ తగిలేది ఇది: ఇన్‌వాలిడ్ కమాండ్ రీరైట్‌ఇంజిన్, పర్‌హాప్స్ మిస్‌స్పెల్డ్ ఆర్ డిఫైన్డ్ బై ఎ మాడ్యూల్ నాట్ ఇన్‌క్లూడెడ్. అంటే ఆ పదం నాకు తెల్వదు, తప్పు రాసినవో, దాన్ని నేర్పే మాడ్యూల్ పెట్టలేదో చూసుకో అని అడుగుతున్నది. రీరైట్‌తోని మొదలైతే రీరైట్ మాడ్యూల్, హెడర్ అంటే హెడర్స్, ఎస్ఎస్ఎల్‌ఇంజిన్ అంటే ఎస్ఎస్ఎల్. రిక్వెస్టును ఇంకో సర్వర్‌కు పంపే ప్రాక్సీపాస్‌కు మాత్రం ప్రాక్సీ ఒక్కటి చాలదు, ప్రాక్సీ_హెచ్‌టీటీపీ గూడ పెట్టాలె, లేకపోతే సర్వర్ మంచిగనే లేస్తది, పేజీ తెరిస్తే 500, అంటే సర్వర్ లోపలి ఎర్రర్, వస్తది, ఎర్రర్ లాగ్‌ల నో ప్రోటోకాల్ హ్యాండ్లర్ అని ఉంటది. ఇదే ఇన్‌వాలిడ్ కమాండ్ డాట్ హెచ్‌టీయాక్సెస్ ఫైల్ల, అంటే సైట్ ఫోల్డర్ల పెట్టుకునే చిన్న సెట్టింగ్ ఫైల్ల, ఉంటే కాన్ఫిగ్‌టెస్ట్‌కు దొరకదు, ఎందుకంటే ఆ ఫైల్‌ను పేజీ అడిగినప్పుడే చదువుతది, అప్పుడు గూడ 500 వచ్చి లాగ్‌ల పడ్తది. పీహెచ్‌పీని ఎఫ్‌పీఎంకు, అంటే అపాచీ బయట వేరే ప్రోగ్రామ్‌గ నడిచే పద్ధతికి, మార్చినంక పాత హెచ్‌టీయాక్సెస్‌ల పీహెచ్‌పీ_వాల్యూ లైన్లు ఉండిపోతే అచ్చం ఇట్లనే అయితది.

అన్ని మాడ్యూళ్లు పెట్టినా హెచ్‌టీయాక్సెస్‌ల రాసిన రూల్ ఏ ఎర్రర్ లేకుండ పనిచెయ్యకపోతే, సైట్ కాన్ఫిగ్‌ల అలౌఓవర్‌రైడ్ నన్ ఉన్నదేమో చూడండి. నన్ ఉంటే ఆ ఫైల్‌ను అసలు చదవనే చదవదు.

మోర్ దాన్ వన్ ఎంపీఎం లోడెడ్ అనేది ఇంకోటి. ఎంపీఎం అంటే వచ్చిన రిక్వెస్టులను పంచుకునే పద్ధతి, ప్రీఫోర్క్ ఒక్కోదానికి ఒక ప్రాసెస్ పెడ్తది, ఈవెంట్ థ్రెడ్లు వాడ్తది, ఒక్కసారి ఒక్కటే ఉండాలె. ఏ2ఎన్‌మాడ్‌తోని పెడితే రెండోదాన్ని అదే ఆపుతది, నెట్‌ల నుంచి లోడ్‌మాడ్యూల్ లైన్ తెచ్చి అపాచీ2 డాట్ కాన్ఫ్‌ల అతికించినోళ్లకే ఇది వస్తది, ఆ అతికించిన లైన్ తీసెయ్యండి. ఉబుంటుల వచ్చే పీహెచ్‌పీ మాడ్యూల్ ఈవెంట్ కింద నడవదు, దానికి ప్రీఫోర్క్ కావాలె, ఈవెంటే కావాలనుకుంటే పీహెచ్‌పీని ఎఫ్‌పీఎం దారిల పెట్టుకోండి, కొత్తగ మొదలుపెట్టేటోళ్లకు నేనైతే అదే చెప్త.

ఇంకో ఎర్రర్ చూసి భయపడకండి, నాకు ఇష్టమైనది ఇది. ఎక్కడినుంచో తెచ్చిన ఎస్ఓ ఫైల్, అంటే మాడ్యూల్ ఫైల్, పెడితే, గార్బుల్డ్, ఎక్స్‌పెక్టెడ్ సిగ్నేచర్ 41503234 బట్ సా 41503232 అని వస్తది. ఆ అంకెలు రెండేసి విడదియ్యండి: 41, 50, 32, 34. ఇవి హెక్స్‌ల రాసిన అక్షరాలు, 41 అంటే ఏ, 50 అంటే పీ, 32 అంటే 2, 34 అంటే 4. ఏపీ24, అంటే అపాచీ 2.4. వచ్చింది ఏపీ22. 2.4 వచ్చింది 2012ల, మీరు తెచ్చిన మాడ్యూల్ దానికంటె ముందు 2.2 కోసం కట్టింది. ఏ సెట్టింగ్ మార్చినా అది నడవదు, 2.4 కోసం కట్టింది తెచ్చుకోవాలె, అంతే.

ఇంటి పని. మీ సొంత కంప్యూటర్ మీదనే చెయ్యండి, నడుస్తున్న సర్వర్ మీద వద్దు. సైట్ ఫైల్ల రీరైట్‌ఇంజిన్ ఆన్ అని రాసి, సుడో ఏ2డిస్‌మాడ్ రీరైట్ కొట్టి, కాన్ఫిగ్‌టెస్ట్ ఏమంటదో నోట్‌బుక్‌ల రాసుకోండి, ఫైల్ పేరు, లైన్ నంబర్‌తోని సహా. మల్ల ఎనేబుల్ చేసి, ఈసారి ఇంకో ప్రోగ్రామ్‌ను 80 మీద కూసోబెట్టి అపాచీని లేపి, జర్నల్‌ల ఎన్ని లైన్లు పడ్డయో, మొదటిది ఏదో రాయండి. నాలుగో భాగంల 403, అంటే సర్వర్ లేచినా లోపలికి రానియ్యకపోవుడు చూద్దాం, అప్పటికి ఈ నోట్‌బుక్ పక్కన పెట్టుకొని కూసోండి.