మాలలో ఉండి రిజిస్ట్రార్ ఆఫీసు ఉద్యోగం చెయ్యడం ఎలా

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్‌ని. ఏటా అయ్యప్ప మాల వేస్తాను. కొత్తగా చేరిన కన్నెస్వామి ఒకాయన "ఉద్యోగంతో ఎలా నెట్టుకొస్తున్నారు స్వామీ" అని అడిగితే చెప్పినవి ఇవి.

ముందు సెలవుల లెక్క. ఏడాదికి సీఎల్స్ (క్యాజువల్ లీవులు) 15, ఆప్షనల్ హాలిడేలు 5. సీఎల్స్ డిసెంబరు 31తో మురిగిపోతాయి, శబరిమలలో మండల పూజ వచ్చేదేమో డిసెంబరు చివర్లో. వేసవి పెళ్లిళ్లకే అన్నీ వాడేస్తే కొండకి వెళ్లేనాటికి చేతులు ఖాళీ. మకరజ్యోతికి వెళ్లేవాళ్లకి ఈ బాధ లేదు, జనవరిలో కొత్త ఖాతా. నల్ల చొక్కాకి మా సారు, అంటే సబ్ రిజిస్ట్రార్, ఏమీ అనరు; యూనిఫాం ఉద్యోగమైతే ముందే అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. భిక్షకి పీఠం దాకా వెళ్లొస్తే గంటన్నర, మనకిచ్చే లంచ్ అరగంట. కాబట్టి ఆదివారం పీఠంలో, మిగతా రోజులు ఇంటి క్యారేజీ. ఇరుముడి చందా పుస్తకం మాత్రం ఆఫీసు గడప తొక్కకూడదు. పని కోసం వచ్చినవాడు కాదనలేక ఇస్తాడు, అది చందా కాదు.

అసలు చిక్కు మైల దగ్గర. మూడేళ్ల కిందట, మాల వేసిన 12వ రోజున, మంచం పట్టిన పెద్దాయన వీలునామాకి ప్రైవేట్ అటెండెన్స్, అంటే ఇంటికే వచ్చి రిజిస్టర్ చెయ్యమని, అడిగారు. వేలిముద్రల మిషను పట్టుకుని సారు వెంట వెళ్లాల్సింది నేనే. మేమక్కడ ఉండగానే ప్రాణం పోతే మాల తీయాల్సొస్తుందేమోనని భయం. సర్వర్ రావట్లేదని రెండు రోజులు అబద్ధమాడాను. మూడో రోజు వెళ్లాం. "ఇది మీరు రాయించిందేనా?" అని సారు మూడుసార్లు అడిగారు. పెద్దాయన కళ్లు తెరిచారు, మాట రాలేదు. ఒప్పుకోలు లేనిదే రిజిస్టర్ చెయ్యడానికి లేదు, తిరిగొచ్చేశాం. "మొన్నటిదాకా బాగానే మాట్లాడారండీ" అంది ఆయన కూతురు, నా నల్ల చొక్కా వంకే చూస్తూ.

గురుస్వామికి చెప్పుకుంటే ఒకటే మాట: "మైలకి తలస్నానం అని ఎందుకు పెట్టారు స్వామీ?" అప్పటినుంచి మాల రోజుల్లో సంచిలో తువ్వాలు, ఇంకో జత బట్టలు ఉంటాయి. పిలిచిన పూటే వెళ్తాను. అరిగిన బొటనవేలు మిషనుకి అందకపోతే గోరువెచ్చని నీళ్లతో తుడిచి, నా చేత్తోనే పట్టి నొక్కిస్తాను.

స్పెషల్ మ్యారేజి చట్టం కింద పెళ్లి చేసుకోబోయేవాళ్లు ఇచ్చే నోటీసు బోర్డుకి అంటించేదీ నేనే. 30 రోజులు అక్కడుండాలి, అంతే. పెద్దలకి ఫోన్ చేసి చెప్పడం మన పని కాదు. అభ్యంతరం పెట్టడానికి వచ్చినవాళ్లని అడగాల్సింది వయసు, ఇదివరకటి పెళ్లి, దగ్గర బంధుత్వం, మతిస్థిమితం గురించి. మతం వేరన్నది అందులో లేదు.

ఇక రాహుకాలం. సోమవారం ఏడున్నరకే వస్తుంది, మనం ఆఫీసే తెరవం. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా పార్టీలు ఆగుతామంటే వాళ్లిష్టం. మనం ఆపకూడదు. ఆ గంటన్నర జనం పలచగా ఉంటారు, పాత దస్తావేజుల స్కానింగ్ అప్పుడు పెట్టుకోండి.