వీఆర్ హెడ్‌సెట్ ఇప్పుడే కొనాలా? డబ్బు కట్టే ముందు ఇలా తేల్చుకోండి

వీఆర్ హెడ్‌సెట్ అంటే కళ్లకు కట్టుకుని, ఆటలోపలే ఉన్నట్టు ఆడే పరికరం. ధర సంగతి తర్వాత, ముందు టేపు తీసి గది కొలవండి. నడుస్తూ ఆడే ఆటలకు అడ్డం లేని ఆరున్నర అడుగుల చదరం కావాలి. మంచం, బీరువా పోగా అంత ఖాళీ చాలా ఇళ్లలో హాల్లోనే దొరుకుతుంది. అక్కడ నిలబడి చేతులు పైకెత్తండి. ఫ్యాన్ రెక్కకు తగిలేటట్టుంటే ఆ చోటు పనికిరాదు. కప్పు తక్కువున్న పాత మిద్దెల్లో ఇది మరీ ముఖ్యం.

కడప బండల మీద చెమట పాదం జారుతుంది. మధ్యలో చిన్న రబ్బరు మ్యాట్ వేసుకుంటే పట్టు ఉంటుంది, గదిలో ఎక్కడున్నారో కాలికే తెలుస్తుంది.

మిద్దె మీద ఆడదామంటే పగలు వద్దు. ఎండ హెడ్‌సెట్ లెన్సు మీద నేరుగా పడితే అది భూతద్దంలా పనిచేసి లోపలి తెరను కాలుస్తుంది, ఆ మచ్చ ఇక పోదు. కిటికీ పక్కన పెట్టి మరిచిపోయినా అంతే. అట్లని చీకట్లోనూ కుదరదు, హెడ్‌సెట్ మీది కెమెరాలకు గది కనిపించాలి. కరెంటు పోతే ఆడేచోట వెలుగుండేలా ఒక లైటు ఇన్వర్టర్ మీద ఉంచండి.

తర్వాత పరీక్ష మీ కడుపుకు. కళ్లు కదులుతున్నామంటాయి, లోపలి చెవి నిలబడే ఉన్నామంటుంది. ఆ తగువే వికారం. కర్నూలు వాళ్లు హైదరాబాద్, అనంతపురం వాళ్లు బెంగళూరు పోయినప్పుడు మాల్ గేమింగ్ జోన్‌లో ఒక పావుగంట ఆడి చూడండి. పాటకు తగ్గట్టు కత్తులతో దిమ్మెలు నరికే బీట్ సేబర్ లాంటి, నిలబడిన చోటే ఆడేవి చాలామందికి ఇబ్బంది పెట్టవు. మీరు నిలబడే ఉండి, చేతిలోని జాయ్‌స్టిక్‌తో నడిపించే ఆటల్లో తల తిరిగితే వెంటనే ఆపండి. ఓర్చుకుంటే అలవాటవుతుందనేది తప్పు. లోపల ఫోను పెట్టి కళ్లకు కట్టుకునే వీఆర్ పెట్టెను చూసి తీర్పు ఇవ్వకండి. తల తిప్పడం తప్ప అడుగు వేయడం దానికి తెలియదు.

కళ్లజోడు షాపులో మీ రెండు కంటిపాపల మధ్య దూరం అడిగి రాసుకోండి. మెటా కంపెనీ హెడ్‌సెట్ క్వెస్ట్ 3ఎస్‌లో 58, 63, 68 మిల్లీమీటర్లు, మూడే స్థానాలు. వీటికి దూరంగా ఉంటే బొమ్మ మసకబారుతుంది, కళ్లు లాగుతాయి. క్వెస్ట్ 3కు చక్రం ఉంది, కావలసినంత తిప్పుకోవచ్చు.

ఏది కొనాలంటే, కంప్యూటర్ అక్కర్లేని క్వెస్ట్ రకమే మొదటివారికి మేలు. ఒకసారి చార్జింగ్ పెడితే రెండు గంటల చిల్లర ఆడొచ్చు. సోనీ హెడ్‌సెట్ పీఎస్ వీఆర్2కు ఆ కంపెనీదే పీఎస్5 అనే గేమ్ పెట్టె ఉండాలి. లేదంటే దాన్ని కంప్యూటర్‌కు కలిపే అడాప్టర్ 2024లో వచ్చింది, అది విడిగా కొనాలి. హాఫ్ లైఫ్ అలిక్స్ లాంటి కంప్యూటర్ వీఆర్ ఆట ఆడాలనుంటే కంప్యూటర్‌లో మంచి గ్రాఫిక్స్ కార్డు తప్పదు. ఆ కంప్యూటర్ ఆటలు క్వెస్ట్‌లో వైరు లేకుండా ఆడాలంటే కంప్యూటర్ నుంచి రౌటర్‌కు కేబుల్, హెడ్‌సెట్‌కు 5 గిగాహెర్ట్జ్ వైఫై పెట్టండి.

బిల్లు మీద ఇండియా వారంటీ ఉందో లేదో చూసే కొనండి. బయటినుంచి తెప్పించినది చెడితే బాగుచేయించడం కష్టం.

ఒంటరిగా ఆడుతూ, ఒళ్లు కదలాలనుకునేవారు ఇప్పుడే కొనొచ్చు. స్నేహితులతో ఫోన్లో ఆడే ఆటలకు బదులు అనుకుంటే ఆగండి. ఇంట్లో పిల్లలుంటే వయసు చూడాలి: కనీసం మెటా 10 ఏళ్లు, సోనీ 12 ఏళ్లు ఉండాలంటాయి. ఏప్రిల్, మేలలో ముఖం మీది స్పాంజి చెమటకు నానిపోతుంది, కడుక్కునే సిలికాన్ కవర్ కూడా లెక్కలో వేసుకోండి.