స్టెప్నీ ఏ ఊరి పేరు? మా గల్లీ క్విజ్ నడిపే తీరు

రాణిగంజ్‌ల ముప్పై ఏండ్ల సంది బండ్ల సామాన్లు అమ్ముతున్న. మా గల్లీ వినాయకుడి మండపం కాడ పిల్లలకు క్విజ్ పెట్టే పని నా నెత్తిన పడింది. మొదటి ఏడు "వైపర్ కనిపెట్టిందెవరు?" లాంటి ప్రశ్నలు ఇరవై రాసుకొని పోయిన. పోరగాళ్లు ఫోన్లు తీసి టకటకా చెప్పేసిన్రు. నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే. మీరు పెట్టాలనుకుంటే ఇట్ల చేయండి.

ముందు ఒక గోనెసంచి నింపుకోండి: అరిగిన బ్రేక్ షూ, పాత వైపర్ బ్లేడు, అంబాసిడర్ ఇంజన్ తిప్పి స్టార్ట్ చేసే హ్యాండిలు. పాత ఇనుము కొట్టుల అడిగితే దొరుకుతయ్. సామాను పిల్లల చేతికిచ్చి, "ఇది లేనప్పుడు ఏం చేసెటోళ్లు?" అనడగండి. పేరు, సంవత్సరం ఆ తర్వాత చెప్పుకోవచ్చు.

మొదటి ప్రశ్నకు మాత్రం సామాను అక్కర్లేదు. అదనపు చక్రాన్ని మనం స్టెప్నీ అంటం కదా, అది ఏ ఊరి పేరు? లండన్‌ల ఆ పేరుతోని ఒక పేట ఉంది, అందరు అదే అంటరు. మార్కు ఇయ్యకండి. వేల్స్‌ల లనెల్లి అనే పట్నంల స్టెప్నీ స్ట్రీట్ ఉంది. అక్కడి డేవిస్ అన్నదమ్ములు 1904ల ఆ వీధి పేరే తమ సరుకుకు పెట్టుకున్నరు. అప్పటి కార్లకు అదనపు చక్రం ఉండేది కాదు. పంక్చరైతే నడిరోడ్డు మీద టైరు ఊడదీసుడే. వీళ్లు చేసింది ఆకులు లేని ఉత్త రిమ్ము, దానికి గాలి కొట్టిన టైరు. గాలి పోయిన చక్రానికి పక్కనే బిగించి బండి పోనిచ్చుడు. ఆ కంపెనీ ఎప్పుడో పోయింది, పేరు మాత్రం మన నోట్ల ఉండిపోయింది.

హ్యాండిలు వంతు వచ్చినప్పుడు తొందరపడకండి. ఒక పిల్లగాన్ని పట్టుకొమ్మనండి. బొటనవేలు చుట్టూ తిప్పి గట్టిగ పిడికిలి బిగిస్తడు. అక్కడ ఆపండి. ఇంజన్ ఎదురు తన్నిందంటే హ్యాండిలు గిర్రున వెనక్కి తిరుగుతది, వేలో మణికట్టో విరుగుతది. అందుకే పాత డ్రైవర్లు బొటనవేలు సుత మిగతా వేళ్ల దిక్కే పెట్టి, కింది నుంచి పైకి గుంజెటోళ్లు. ఈ బాధ తీర్చింది అమెరికా ఇంజినీర్ చార్లెస్ కెటరింగ్. ఆయన చేసిన కరెంటు స్టార్టర్ 1912 క్యాడిలాక్ కార్లల్ల వచ్చింది. అంతకుముందు ఆయన దుకాణాల గల్లా మిషన్‌కు మోటార్ పెట్టినోడు. గల్లా తెరిచే మోటార్ రోజంతా తిరగక్కర్లేదు, కొద్దిసేపు జోరుగ తిరిగితే చాలు. కారు స్టార్టింగ్‌కూ అంతే కదా! రోజంతా గల్లా కాడ కూసునేటోన్ని, నాకీ కథ మీద కొంచెం ప్రేమెక్కువ.

బ్రేక్ షూ ఇచ్చి లైనింగ్ మీది, అంటే బ్రేకు పట్టినప్పుడు రాసుకొని అరిగే పొర మీది రివిట్లు తడమమనండి. 1888ల జర్మనీల, కారు కనిపెట్టిన కార్ల్ బెంజ్ భార్య బెర్తా, భర్తకు చెప్పకుండ ఇద్దరు కొడుకులను ఎక్కించుకొని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌ల పుట్టింటికి బండి తీసింది. తోవల మందుల దుకాణంల ఇంధనం కొన్నది, పైపు మూసుకుపోతే టోపీ పిన్నుతోని పొడిచింది. దిగుళ్లల్ల చెక్క బ్రేకులు అరిగిపోతే చెప్పులు కుట్టేటాయనతోని తోలు కొట్టించింది. బ్రేక్ లైనింగ్ పుట్టుక అట్ల.

వైపర్ సంగతి రెండు ముక్కలల్ల తేల్చండి. న్యూయార్క్‌ల మంచు వాన పడుతుంటే ట్రామ్ డ్రైవర్ ముందటి అద్దం తెరుచుకొని వణుక్కుంట నడుపుడు చూసి, మేరీ ఆండర్సన్ 1903ల పేటెంటు తీసుకున్నది. డిక్కీ, డ్యాష్‌బోర్డు టైముంటేనే అడగండి. డిక్కీ అంటే ఒకప్పుడు బండి వెనుక మడతపెట్టే సీటు. డ్యాష్‌బోర్డు గుర్రబ్బండికి ముందు కొట్టిన పలక, గిట్టల బురద మీద పడకుండ.

ప్రసాదం పంచకముందే అందరి చేతులు సబ్బుతోని కడిగించండి. పోయినేడు గ్రీజు చేతులతోనే లడ్డూలు తిన్నరు, తల్లులందరు నన్నే తిట్టిన్రు.

గెలిచినోళ్లను చౌమహల్లా ప్యాలెస్‌కు తీసుకపోండి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరిచ్చిన పసుపుపచ్చ రోల్స్ రాయిస్ అక్కడుంది. ఆయన 1911లనే పోయిండు, బండిది 1912. క్యాడిలాక్‌కు స్టార్టర్ వచ్చిన ఏడే. దీనికీ ఉన్నదా, లేదా? ఆఖరి ప్రశ్న అదే పెట్టండి. రోల్స్ రాయిస్ వాళ్లు ఆ మోడల్‌కు 1919 దాక స్టార్టర్ పెట్టలే. శుక్రవారం మాత్రం పోకండి, ప్యాలెస్ బంద్ ఉంటది.