ఫోటో ఎడిటింగ్ స్వయంబోధిని – ఆరవ పాఠం: బ్రష్ పనిచేయనప్పుడు, రంగు మారినప్పుడు

గత పాఠంలో లేయర్లనూ (ఫోటోలో ఒకదానిపై ఒకటి పరిచే పొరలు) లేయర్ మాస్కులనూ (లేయర్‌లో ఏది కనబడాలో, ఏది దాగాలో నిర్ణయించే ముసుగులు) పరిచయం చేసుకున్నాం. వాటితో పని మొదలుపెట్టినవారికి తొలి రోజుల్లోనే ఎదురయ్యే చిక్కులను ఈ పాఠంలో విడదీసి చూద్దాం. ఫోటోషాప్ వాడేవారికీ, ఉచితంగా దొరికే గింప్ వాడేవారికీ ఉపయోగపడేలా రెండింటి పద్ధతులనూ పక్కపక్కనే చెబుతాను. మెనూల పేర్లు తెరమీద ఇంగ్లీషులోనే కనిపిస్తాయి కనుక వాటిని ఉన్నవి ఉన్నట్టుగా తెలుగు లిపిలో రాస్తున్నాను.

సాఫ్ట్‌వేర్ పనిచేయడం లేదని మనం అనుకునే సందర్భాల్లో చాలావాటిలో అది పనిచేస్తూనే ఉంటుంది. కొంతసేపటి క్రితం మనమే ఇచ్చి మరచిపోయిన ఆదేశాన్ని ఇంకా పాటిస్తూ ఉంటుంది. అందువల్ల చిక్కు వచ్చిన వెంటనే కంప్యూటర్‌ను విశాఖపట్నంలోని ద్వారకానగర్‌లోనో డాబాగార్డెన్స్‌లోనో ఉన్న షాపుకు తీసుకువెళ్లి ప్రోగ్రామును తీసివేయించి మళ్లీ ఎక్కించుకోవడం సరైన దారి కాదు. ఒకవేళ దానివల్ల బాగైనా, ఎందుకు బాగైందో మనకు తెలియదు కాబట్టి అదే చిక్కు వచ్చే వారం మళ్లీ వచ్చి కూర్చుంటుంది. మరచిపోయిన ఆ ఆదేశం ఏమిటో వరుసగా వెతకడం అలవాటు చేసుకుంటే ఎక్కువ చిక్కులు కొద్ది నిమిషాల్లోనే తీరిపోతాయి.

ఉదాహరణకు ఒక ఫోటో తీసుకుందాం. ఆర్.కె. బీచ్‌లో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న ఐ.ఎన్.ఎస్. కురుసుర జలాంతర్గామిని మీరు రోడ్డు వైపు నుంచి తీశారనుకోండి. నల్లటి జలాంతర్గామి దేహం, వెనుక తెల్లబారిన ఆకాశం, ఆకాశానికి అడ్డంగా ఒక కరెంటు తీగ. ఆ తీగను తీసివేయడానికి క్లోన్ స్టాంప్ పట్టుకుని, పక్కనున్న ఆకాశాన్ని నమూనాగా ఎంచుకుని తీగమీద రుద్దారు. ఏమీ జరగలేదు. ఇప్పుడేం చేయాలి?

మొట్టమొదట చూడవలసింది సెలెక్షన్. ఫోటోలో ఏదైనా భాగం సెలెక్ట్ అయి ఉంటే, ఆ భాగం బయట బ్రష్, క్లోన్ స్టాంప్, ఎరేజర్ ఏవీ పనిచేయవు. పొరపాటున మౌస్ కాస్త కదిలి ఒక మూల చుక్కంత సెలెక్షన్ ఏర్పడినా మిగతా ఫోటో అంతా తాళం వేసినట్టే. అంత చిన్న సెలెక్షన్ కంటికి ఆనదు. దాని చుట్టూ కదిలే చుక్కల గీతను దాచివేసే మీట కూడా ఒకటి ఉండటంతో ఇబ్బంది రెట్టింపవుతుంది. ఫోటోషాప్‌లో కంట్రోల్-హెచ్, గింప్‌లో కంట్రోల్-టి నొక్కితే గీత మాయమవుతుంది గాని సెలెక్షన్ అలాగే ఉంటుంది. కనుక గీత కనబడుతోందా లేదా అని ఆలోచించకుండా ఫోటోషాప్‌లో కంట్రోల్-డి, గింప్‌లో కంట్రోల్-షిఫ్ట్-ఏ నొక్కి సెలెక్షన్‌ను రద్దు చేయండి. సెలెక్షన్ ఏదీ లేకపోతే ఈ మీటలవల్ల నష్టమేమీ ఉండదు, అందుకే పరీక్షను ఇక్కడినుంచే మొదలుపెట్టమంటాను.

అప్పటికీ తీగ చెరగకపోతే లేయర్ల ప్యానెల్ చూడండి. తెరమీద కనబడే లేయరూ, మనం పనిచేస్తున్న లేయరూ ఒకటే కానవసరం లేదన్న సంగతి కొత్తవారిని అన్నిటికంటే ఎక్కువగా తికమక పెడుతుంది. పైన ఒక లేయర్ నిండుగా కప్పి ఉండగా కింది లేయర్ ఎంపికై ఉంటే మీరు రుద్దినదంతా కింద నిక్షేపంగా పడుతూనే ఉంటుంది, కంటికి మాత్రం కనబడదు.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉండే చిక్కు మరొకటి ఉంది. అసలు ఫోటో చెడిపోకుండా దానిపైన ఒక ఖాళీ లేయర్ వేసి, దిద్దుబాట్లన్నీ దానిలో చేయమని గత పాఠంలో చెప్పాను. ఆ సలహా పాటించినవారికే ఈ ఇబ్బంది వస్తుంది. క్లోన్ స్టాంప్ ఒకచోటి పిక్సెళ్లను, అంటే ఫోటోను ఏర్పరిచే చిన్న చిన్న రంగు చుక్కలను, తీసి మరోచోట పరుస్తుంది. ఖాళీ లేయర్‌లో తీయడానికి పిక్సెళ్లే లేవు. ఫోటోషాప్‌లో పైన ఉండే పట్టీలో శాంపుల్ అన్నచోట ‘కరెంట్ లేయర్’ అని ఉంటే అది ఆ ఖాళీ లేయర్‌లోని శూన్యాన్నే తీసుకువచ్చి తీగమీద పరుస్తుంది. దానిని ‘కరెంట్ అండ్ బిలో’కు మార్చాలి. గింప్‌లో క్లోన్ టూల్ ఆప్షన్లలో ‘శాంపుల్ మెర్జ్‌డ్’ అన్న గడిలో టిక్కు పెట్టాలి. ఆ తరువాత ఫోటోషాప్‌లో ఆల్ట్, గింప్‌లో కంట్రోల్ మీట పట్టుకుని తీగకు దగ్గరగా ఉన్న ఆకాశంలో ఒకసారి నొక్కి, అప్పుడు తీగమీద రుద్దండి. సముద్రం మీది ఆకాశం పైకి వెళ్లేకొద్దీ రంగు మారుతూ ఉంటుంది కాబట్టి నమూనాను తీగకు పైనుంచో కిందినుంచో దూరంగా తీసుకోకుండా, తీగ ఉన్న ఎత్తులోనే దాని అంచుకు ఆనుకుని తీసుకోవాలి. లేకపోతే తీగ పోయినా దాని స్థానంలో మరకలాంటి చార మిగులుతుంది. తీగ జలాంతర్గామి దేహాన్ని తాకేచోట మాత్రం క్లోన్ స్టాంప్‌తో తొందరపడకండి. ముందుగా జలాంతర్గామి అంచు వెంబడి సెలెక్షన్ గీసుకుని, ఆకాశం వైపు మాత్రమే పని చేసి, తరువాత సెలెక్షన్‌ను తిరగవేసి జలాంతర్గామి వైపు పని చేస్తే అంచు చెదిరిపోదు. పని ముగిసిన తరువాత ఆ సెలెక్షన్‌ను రద్దు చేయడం మరచిపోతే మళ్లీ మొదటి చిక్కులోకే వస్తారు.

మాస్కుతో వచ్చే చిక్కు దీనికి భిన్నమైనది. లేయర్ పక్కన మాస్కు ఉన్నప్పుడు, వాటి చిన్న బొమ్మలు రెండింటిలో ఏది ఎంపికై ఉందో దాని చుట్టూ గీత ఉంటుంది. మాస్కు ఎంపికై ఉండగా మీరు ఎరుపు రంగు తీసుకుని పూసినా ఎరుపు పడదు. మాస్కుకు నలుపు, తెలుపు, వాటి మధ్య ఉండే బూడిద ఛాయలే తెలుసు కాబట్టి ఆ లేయర్‌లో కొంత భాగం మసకబారుతుంది, లేదా కనబడకుండా పోతుంది. రంగు వేయబోతే ఫోటో చెరిగిపోతోందని అనిపించినప్పుడు కారణం సాధారణంగా ఇదే. లేయర్ బొమ్మమీద ఒకసారి నొక్కి చూడండి.

గింప్ వాడేవారు అదనంగా రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. గింప్‌లో ఒక్కో లేయర్‌కు సొంత కొలత ఉంటుంది. మరో ఫోటోనుంచి తెచ్చి అతికించిన చిన్న లేయర్ చుట్టూ పసుపు, నలుపు రంగుల తెగిన గీత కనిపిస్తుంది, ఆ గీత దాటి బ్రష్ పనిచేయదు. లేయర్ మెనూలోని ‘లేయర్ టు ఇమేజ్ సైజ్’ నొక్కితే లేయర్ ఫోటో అంత అవుతుంది. రెండోది, పాత 2.10 వెర్షన్‌లో అతికించినది ముందుగా ‘ఫ్లోటింగ్ సెలెక్షన్’గా నిలబడి ఉంటుంది, దాని సంగతి తేల్చేదాకా మిగతా లేయర్లలో పని సాగదు. ‘న్యూ లేయర్’ నొక్కి దానిని విడి లేయర్‌గా చేసుకోవాలి. 2025 మార్చిలో వచ్చిన 3.0 వెర్షన్‌లో అతికించినది నేరుగా కొత్త లేయర్‌గానే వస్తుంది కాబట్టి, కంప్యూటర్‌కు భారం కాకపోతే కొత్త వెర్షన్‌కు మారమనే నా సలహా.

ఎరేజర్‌తో తుడిస్తే గళ్ల నేపథ్యం రావలసినచోట తెల్లరంగు పడుతోందంటే ఆ లేయర్‌కు పారదర్శకత లేదని అర్థం. ఫోటోషాప్‌లో ‘బ్యాక్‌గ్రౌండ్’ అన్న లేయర్ పక్కనున్న తాళం బొమ్మను నొక్కి మామూలు లేయర్‌గా మార్చాలి. గింప్‌లో లేయర్ మెనూలో ట్రాన్స్‌పరెన్సీ కింద ‘యాడ్ ఆల్ఫా ఛానెల్’ ఎంచుకోవాలి. మెనూలో ఫిల్టర్లు బూడిద రంగులో వెలిసిపోయి నొక్కడానికి వీలుకాకుండా ఉంటే ఇమేజ్ మెనూలోని మోడ్ చూడండి. గిఫ్ ఫైళ్లు పరిమిత రంగుల ‘ఇండెక్స్‌డ్’ పద్ధతిలో తెరుచుకుంటాయి, ఆర్‌జీబీకి మార్చితే ఫిల్టర్లు తిరిగి వస్తాయి. ఫోటోషాప్‌లో బ్రష్ వలయం బదులు ఒట్టి కూడిక గుర్తు కనిపిస్తుంటే క్యాప్స్ లాక్ తీసివేస్తే చాలు.

ఇక రంగుల సంగతికి వద్దాం. ఇది కాస్త నిదానంగా చదవవలసిన విషయం. రుషికొండ దగ్గర తీసిన సముద్రం మీ తెరమీద నిండైన నీలిపచ్చగా ఉండి, అదే ఫోటో ఇతరులకు పంపిన తరువాత వెలవెలబోయి కనిపించిందనుకోండి. కెమెరా మెనూలో కలర్ స్పేస్ అన్నచోట ఏమి పెట్టి ఉందో ముందుగా చూడండి. ఫోటో ఫైలులో ఉండేవి రంగులు కావు, అంకెలు. ఐదు అని మాత్రమే చెప్పి కిలోలో గ్రాములో చెప్పకపోతే బేరం ఎలా కుదరదో, ఆ అంకెలు ఏ కొలమానానివో చెప్పే ప్రొఫైల్ లేకపోతే రంగు కూడా అలాగే కుదరదు. వెబ్‌లోనూ ఫోన్లలోనూ సామాన్యంగా నడిచే కొలమానం ఎస్‌ఆర్‌జీబీ. 1998లో వచ్చిన అడోబ్ ఆర్‌జీబీ దానికంటే విశాలమైనది, ముఖ్యంగా పచ్చలు, నీలిపచ్చల వైపు. అందుకే సముద్రమూ కైలాసగిరి చెట్లూ అందులో అంత నిండుగా ఇముడుతాయి. ఆ ఫైలునుంచి ప్రొఫైల్ ఊడిపోయినా, చూపించే ప్రోగ్రామ్ దానిని పట్టించుకోకపోయినా అవే అంకెలను ఎస్‌ఆర్‌జీబీగా చదువుతారు. అప్పుడు సరిగ్గా ఆ నీలిపచ్చే నీరసించిపోతుంది.

దీనికి మందు ‘కన్వర్ట్ టు ప్రొఫైల్’. ఫోటోషాప్‌లో ఇది ఎడిట్ మెనూలోనూ, గింప్‌లో ఇమేజ్ మెనూలోని కలర్ మేనేజ్‌మెంట్ కింద ‘కన్వర్ట్ టు కలర్ ప్రొఫైల్’ అన్న పేరుతోనూ ఉంటుంది. దాని పక్కనే ‘అసైన్ ప్రొఫైల్’ కూడా ఉంటుంది, అక్కడే చాలామంది తడబడతారు. కన్వర్ట్ చేస్తే కొత్త కొలమానానికి తగినట్టు అంకెలు మారతాయి, కంటికి కనిపించే రంగు దాదాపు అలాగే ఉంటుంది. అసైన్ చేస్తే అంకెలు మారవు, వాటికి మనం చెప్పే అర్థం మారుతుంది, దాంతో రంగు అప్పటికప్పుడు మారిపోతుంది. ప్రొఫైల్ ఊడిపోయి వచ్చిన ఫైలుకు అసైన్, ఇతరులకు పంపబోయే ఫైలుకు కన్వర్ట్ అని గుర్తు పెట్టుకోండి. దిద్దిన అసలు ఫైలును అలాగే ఉంచుకుని, పంపే ప్రతిని మాత్రమే ఎస్‌ఆర్‌జీబీకి కన్వర్ట్ చేయండి.

ప్రింట్ నల్లబడి వచ్చిందంటే ల్యాబ్‌ను అనుమానించే ముందు మీ తెర వెలుగును చూడండి. తెర పూర్తి వెలుగులో ఉంటే ఫోటో ఉన్నదానికంటే తేటగా కనిపిస్తుంది, దానిని చూసి మనం ఇంకా చీకటిగా దిద్దుతాం. వెలుగు తగ్గించుకుని, ఒక చిన్న ప్రింట్ తీయించి తెర పక్కన పెట్టి పోల్చుకున్న తరువాతే పెద్ద ప్రింట్‌కు వెళ్లాలి.

కొలతల విషయంలో తరచుగా వినిపించే మాట, “72 ఉన్నదాన్ని 300 చేసి ఇవ్వండి” అనేది. ఇవి అంగుళానికి పిక్సెళ్ల లెక్క. ఇమేజ్ సైజ్ పెట్టెలో ‘రీశాంపుల్’ టిక్కు తీసివేసి 72ను 300 చేస్తే ఒక్క పిక్సెల్ కూడా పెరగదు, ఫోటోను ఎంత పెద్దగా అచ్చువేయాలన్న సూచన మాత్రమే మారుతుంది. కాబట్టి చూడవలసింది పిక్సెళ్ల సంఖ్య. 35 మి.మీ. వెడల్పు, 45 మి.మీ. ఎత్తు ఉండే పాస్‌పోర్ట్ సైజు ఫోటోకు అంగుళానికి 300 చొప్పున సుమారు 413, 531 పిక్సెళ్లు చాలు. 12 అంగుళాలు, 18 అంగుళాల ప్రింట్‌కు అదే లెక్కన 3600, 5400 కావాలి. 1600 పిక్సెళ్ల వెడల్పు ఉన్న ఫోటోను 12 అంగుళాల వెడల్పున వేస్తే అంగుళానికి దక్కేది 133 మాత్రమే. దగ్గరగా చూస్తే మెత్తబడినట్టు కనబడుతుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో కుదించబడి వస్తుంది కనుక, ప్రింట్‌కోసమైతే ‘డాక్యుమెంట్’గా పంపమని అడగండి.

‘స్క్రాచ్ డిస్క్ ఫుల్’ అన్న హెచ్చరికకు భయపడనక్కరలేదు. వెడల్పు 6000, ఎత్తు 4000 పిక్సెళ్ల ఫోటోలో 2.4 కోట్ల పిక్సెళ్లు ఉంటాయి. 8 బిట్లలో ఒక్కోదానికి 3 బైట్లు చొప్పున ఒక్క లేయర్‌కే 7.2 కోట్ల బైట్లు, 16 బిట్లయితే దానికి రెట్టింపు. ఫోటో నిండా ఉన్న లేయర్లు పెరిగేకొద్దీ, వెనక్కు వెళ్లడానికి దాచుకున్న అంచెలు పెరిగేకొద్దీ మెమరీ చాలక ప్రోగ్రామ్ డిస్కును వాడుకుంటుంది. సి డ్రైవ్ నిండిపోయి ఉంటే ప్రిఫరెన్సెస్‌లో స్క్రాచ్ డిస్కును ఖాళీ ఉన్న మరో డ్రైవ్‌కు మార్చండి. విండోస్‌లో ఫోటోషాప్ అసలు తెరుచుకోకపోతే, తెరిచేటప్పుడు కంట్రోల్, ఆల్ట్ మీటలు కలిపి పట్టుకుంటే ఆ ఎంపిక అడుగుతుంది.

ఈ వారం అభ్యాసం. సముద్రం, ఆకాశం, ఏదో ఒక స్తంభమో తీగో ఉన్న ఫోటో ఒకటి తెరిచి, దానికి ఒక ప్రతి చేసుకోండి. పైన చెప్పిన చిక్కులను కావాలనే కల్పించండి: మూలలో చుక్కంత సెలెక్షన్ చేసి దాని గీతను దాచండి, ఖాళీ లేయర్‌మీద ‘కరెంట్ లేయర్’ పెట్టి క్లోన్ చేయండి, మాస్కు ఎంపిక చేసి ఎరుపు పూయండి, అడోబ్ ఆర్‌జీబీ ఫైలుకు ఎస్‌ఆర్‌జీబీని అసైన్ చేసి నీలిపచ్చ ఎలా నీరసిస్తుందో చూడండి. ప్రతి దాని లక్షణం తెరమీద ఎలా ఉందో ఒక నోటుబుక్కులో ఒక వాక్యం రాసుకుని, ఆ పక్కన దాన్ని సరిచేసిన మీట పేరు రాయండి. ఏడవ పాఠంలో ఆర్.కె. బీచ్ నుంచి డాల్ఫిన్స్ నోస్ కొండను తీసినప్పుడు అడ్డువచ్చే తేమ మసకను ‘కర్వ్స్’ సాయంతో తగ్గించడం, ఒరిగిపోయిన సముద్రపు గీతను ఒంపు లేకుండా సరిచేయడం నేర్చుకుంటాం. దానికోసం ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి, ఒకేచోట నిలబడి రెండు ఫోటోలు తీసి ఉంచుకోండి.