అమ్మానాన్నలకు అక్కి టీకా వేయించాలంటే

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం వైపు మన పెద్దవాళ్లకు నడుముకో ఛాతీకో ఒక పక్కన మాత్రమే మంట పుట్టి పొక్కులు లేస్తే, అంటే అక్కి (షింగిల్స్) వస్తే, జేగురు రాయించి తగ్గుతుందిలే అని ఊరుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. దయచేసి ఆగకండి, పొక్కు కనబడిన 72 గంటల్లోపు డాక్టరు దగ్గర వైరస్‌ను అణచే మందు మొదలుపెట్టించండి. పొక్కులు మానినా కొందరికి నరం సలుపు నెలల తరబడి వదలదు కాబట్టి, యాభై దాటినవాళ్లకు ముందే టీకా వేయించడం ఇంకా మేలు.

అక్కి తెచ్చేది చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ వైరసే. హెర్పిస్ జాతిది, నరాల మొదట్లో దాక్కుని వయసు మీదపడ్డాక లేస్తుంది. అక్కి రాకుండా వేసే షింగ్రిక్స్ టీకాలో వైరస్ ఉండదు, దాని పైపొర మీది గ్లైకోప్రోటీన్-ఇ అనే ప్రోటీన్ ఒక్కటే 50 మైక్రోగ్రాములు ఉంటుంది. ఒట్టి ప్రోటీన్ ఇస్తే ముసలి ఒళ్లు పెద్దగా స్పందించదు, అందుకే ఏఎస్01బి అనే ద్రవం కలుపుతారు, అందులో చిలీ దేశపు చెట్టు బెరడు నుంచి తీసిన సారం ఉంటుంది. యాభై దాటినవాళ్ల మీద చేసిన పరీక్షల్లో రక్షణ 97 శాతం వచ్చింది. ఏ పైపొర ప్రోటీన్ పెట్టినా ఇలాగే పనిచేస్తుందనుకోవద్దు, జననాంగ హెర్పిస్‌కు గ్లైకోప్రోటీన్-డితో చేసిన టీకా టైప్ 2 హెర్పిస్ వైరస్‌ను ఆపలేదని 2012లో తేలింది.

ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే టీకాల్లో ఇది లేదు, ఖరీదు కూడా ఎక్కువే, కాబట్టి బరంపురమో శ్రీకాకుళమో బయల్దేరేముందు ఫోన్ చేసి స్టాకు ఉందో లేదో కనుక్కోండి. వీలైతే అక్కడే వేయించుకోండి, సీసాలు ఇంటికి తెచ్చుకోవద్దు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఎండ తగిలినా చెడుతుంది, ఐసుకు ఆనించి గడ్డకట్టినా పారేయాల్సిందే. సీసాలు రెండుంటాయి, తెల్లటి పొడి ఒకదాంట్లో, ద్రవం ఇంకోదాంట్లో. నర్సు మీ కళ్లముందే ద్రవాన్ని పొడిలో పోసి, పూర్తిగా కరిగేదాకా మెల్లగా తిప్పి, భుజం కండకు ఇవ్వాలి. ఒక్క సీసా ద్రవమే ఎక్కిస్తుంటే అక్కడే ఆపి అడగండి, మొహమాటపడొద్దు.

రెండో డోసు 2 నుంచి 6 నెలల్లో. మొదటిది బరంపురంలో వేయించి రెండోది విశాఖలో కొడుకు దగ్గర వేయించినా ఫర్వాలేదు, కార్డు మీద టీకా పేరు, తేదీ రాయించుకుంటే చాలు. ఆరు నెలలు దాటిపోయినా మళ్లీ మొదటి నుంచి అక్కర్లేదు, రెండోది వేయించేయండి. ఇప్పుడే అక్కి లేచి ఉంటే అది తగ్గేదాకా ఆగాలి. వేసిన చెయ్యి నొప్పి, ఒళ్లునొప్పులు, కాస్త జ్వరం రెండు మూడు రోజులుండొచ్చు, అందుకని కోతల వారంలో పెట్టుకోకండి.