పక్షవాతం తర్వాత చేతికీ కాలికీ మళ్లీ కదలిక తెప్పించడం ఎలా?

పక్షవాతంలో చచ్చుబడేది కండరం కాదని ఇంటివాళ్లకు నచ్చజెప్పడానికే నాకు సగం రోజు పోతుంది. రక్తం అందకనో, రక్తనాళం చిట్లో దెబ్బతిన్నది మెదడులోని ఒక భాగం. చేతికీ కాలికీ అక్కడి నుంచి వెళ్లే ఆజ్ఞ ఆగిపోయింది. బోరు మోటారు బాగానే ఉండి స్టార్టరు పోయినప్పుడు మోటారుకు గ్రీజు పట్టిస్తే నీళ్లు రానట్టే, పావురం రక్తంతో మాలిష్ చేయించినా, పసరు పూయించినా ఆ ఆజ్ఞ తిరిగి రాదు. మెదడులో మిగిలిన భాగాలు ఆ పనిని కొత్తగా నేర్చుకోవాలి, అందుకు ఒకే కదలికను వందల సార్లు చేయించడం ఒక్కటే దారి. ఈ నేర్పు మొదటి 3 నెలల్లో వేగంగానూ, ఆరో నెల వరకు కనిపించేటట్టుగానూ, ఆ తర్వాత నెమ్మదిగానూ సాగుతుంది; నాటు మందు కోసం ఊరూరూ తిరిగి ఆ మొదటి నెలలను పోగొట్టుకున్న ఇళ్లను పాలమూరు పల్లెల్లో నేను చాలానే చూశాను.

అయితే తొందర కూడా పనికిరాదు. 2,104 మంది రోగులతో జరిగి 2015లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో, మొదటి 24 గంటల్లోనే పదేపదే లేపి ఎక్కువ సేపు కూర్చోబెట్టి నడిపించిన వాళ్ల కంటే, మామూలు పద్ధతిలో నెమ్మదిగా మొదలుపెట్టిన వాళ్లే 3 నెలల తర్వాత కొంత మెరుగ్గా ఉన్నారు. డాక్టరు బీపీ చూసి సరేనన్న తర్వాతనే రోగిని లేపాలి, అదీ కొద్దిసేపే, రోజులో ఎక్కువ సార్లు.

సామాను పెద్దగా అక్కరలేదు. మోకాలి ఎత్తు మంచం, చేతులున్న బరువైన కుర్చీ, నాలుగు దిండ్లు, నడుముకు కట్టడానికి మందపాటి తువ్వాల చాలు. నులక మంచం మాత్రం వద్దు. మధ్యలో కుంగే మంచం మీద నడుము నిలవదు, పాదాలు నేలకు ఆనవు.

మంచంలో ఉన్నన్ని రోజులు రెండేసి గంటలకు ఒకసారి పక్క మార్చాలి, పడిపోయిన చేయి కింద భుజం నుంచి వేళ్ల దాకా దిండు ఉండాలి. పూటకు ఒకసారి ప్రతి కీలునూ పదేసి సార్లు, నొప్పి మొదలయ్యే చోట ఆగుతూ, మెల్లగా కదిలించాలి. నల్గొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు వైపు పెద్దవయసు వాళ్లకు ఫ్లోరైడు నీళ్ల వల్ల పక్షవాతానికి ముందే వెన్ను, మెడ, భుజాలు బిగుసుకుపోయి ఉండవచ్చు. ఆ కీళ్లు ఇంతకుముందు ఎంతవరకు వంగేవో ఇంట్లో అడిగి తెలుసుకుని అక్కడికే ఆగాలి తప్ప, బలవంతంగా సాగదీయకూడదు.

ఇక ఎక్కువ ఇళ్లలో చెడిపోయే పని మనిషిని మంచం మీది నుంచి లేపడం. కొడుకు ఎదురుగా నిలబడి "లే బాపూ, నా మెడ పట్టుకో" అంటాడు, కోడలు పడిపోయిన చేతిని పట్టుకుని తన వైపు లాగుతుంది, అందరూ కలిసి ఒక్క ఊపున పైకి ఎత్తుతారు. మనిషి లేస్తాడు, భుజం మాత్రం దెబ్బతింటుంది. భుజం కీలు గుంత చాలా లోతు తక్కువది. చేతి ఎముక గుండును అందులో నిలిపి ఉంచేవి ప్రధానంగా చుట్టూ ఉన్న కండరాలే. పక్షవాతంతో అవి వదులైనప్పుడు చేతి బరువుకే గుండు కిందికి జారుతుంది, భుజం అంచు కింద వేలు పట్టేంత సందు ఏర్పడుతుంది. ఆ స్థితిలో చేతిని లాగడమంటే ఉన్న కాస్త పట్టునూ తెంపడమే.

ఆ తర్వాత పుట్టే నొప్పి నెలల తరబడి తగ్గదు. నొప్పికి భయపడిన మనిషి చేతిని ఒంటికి అదిమిపెట్టుకుని ముట్టనివ్వడు, కసరత్తు ఆగిపోతుంది, కొన్నాళ్లకు చేయి అలాగే బిగుసుకుంటుంది. "మూడు నెలలు ఫిజియోథెరపీ చేయించినా చేయి రాలేదు సారూ" అని నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామందికి నేను మొదట చూసేది ఆ సందునే. పైకప్పు కొక్కేనికి తాడూ గిరకా కట్టి మంచి చేత్తో పడిపోయిన చేతిని పైకి లాగించే కసరత్తు కూడా ఇదే నష్టం చేస్తుంది. నేను వెళ్లిన ఇంట్లో ఆ గిరక కనిపిస్తే ముందు దాన్ని విప్పించాకే మిగతా మాట.

సరిగా లేపే పద్ధతి ఇది. ముందు రోగి మోకాళ్లు మడిచి, భుజం వెనుక రెక్క ఎముక మీద ఒక చేయి, తుంటి మీద ఒక చేయి వేసి పక్కకు తిప్పాలి. పడిపోయిన వైపుకే తిప్పాలి. మంచి వైపుకు తిప్పి లేపేవాళ్లూ ఉన్నారు కానీ, మంచి చేయి కింద ఇరుక్కుంటే మంచాన్ని ఒత్తి పైకి లేవడానికి దేన్ని వాడతాడు? అలా తిప్పేటప్పుడు పడిపోయిన భుజం ఒంటి కింద నలగకుండా ముందుకు తెచ్చి ఉంచాలి. కాళ్లు మంచం దించాక, రోగి మంచి చేత్తో మంచాన్ని ఒత్తుతుంటే మనం రెక్క ఎముక దగ్గర ఆసరా ఇచ్చి కూర్చోబెట్టాలి. ఒక నిమిషం అలాగే ఉంచి, కళ్లు తిరుగుతున్నాయేమో అడగాలి.

కుర్చీని మంచి చేతి వైపు పెట్టి, పాదాలు రెండూ నేలకు ఆనించి మోకాళ్ల కంటే కొంచెం వెనక్కి జరపాలి. మన మోకాలును రోగి పడిపోయిన మోకాలుకు ముందు నుంచి ఆనించాలి, లేకపోతే అది ఒక్కసారిగా మడత పడుతుంది. నడుముకు కట్టిన తువ్వాలను పట్టుకుని, ముక్కు కాలి వేళ్లకు మీదుగా వచ్చేదాకా ముందుకు వంగమనాలి. ఇంటివాళ్లు ఎప్పుడూ వదిలేసేది ఈ వంగడమే. నిటారుగా కూర్చున్న మనిషిని నేరుగా పైకి లాగితే మొత్తం బరువు మన నడుము మీదే పడుతుంది, ముందుకు వంగితే పిరుదులు వాటంతట అవే లేస్తాయి. చంకల్లో చేతులు పెట్టి ఎత్తడం ఏ రోజూ చేయకూడదు. ఒక్కరితో కాదనిపిస్తే రెండో మనిషి వచ్చేదాకా ఆగాలి.

లేవడం కుదిరాక మిగతాది ఓపిక. కూర్చుని లేవడమే కాలికి అన్నిటికన్నా మంచి కసరత్తు. చేతికి బల్ల మీద తువ్వాల ముందుకు తోయడం, ఖాళీ గ్లాసు పట్టుకుని వదలడం, పల్లీలు ఏరడం లాంటి ఇంటి పనులే చేయించాలి. రబ్బరు బంతిని పిసికించడం నాకు నచ్చదు. చాలామందికి వేళ్లు ముడుచుకోవడం దానంతటదే వస్తుంది, రానిది తెరుచుకోవడం. మణికట్టునూ వేళ్లనూ కొంతైనా పైకి ఎత్తగలిగినవాళ్లయితే, ఫిజియోథెరపిస్టు చెప్పిన గంటలపాటు మంచి చేతికి తొడుగు వేసి, పడిపోయిన చేతితోనే పనులు చేయించవచ్చు. మధ్యలో పిక్క ఒక్కసారిగా వాచి నొప్పి పుడితే మాత్రం దాన్ని పిసకకుండా, నడిపించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి; లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చు.

నడక మొదలైనప్పుడు కర్ర మంచి చేతిలో ఉండాలి, మనం పడిపోయిన వైపున నిలబడాలి. పాదం నేలను ఈడుస్తుంటే, దాన్ని ఎత్తి నిలిపే పట్టీ (స్ప్లింటు) కాలికి అవసరమేమో ఫిజియోథెరపిస్టును అడగాలి. మెట్టు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు పడిపోయిన కాలు ముందు. గడప దాటడం కూడా మెట్టు లెక్కనే. ఆసుపత్రి నుంచి వచ్చిన మనిషిని వాకిట్లో నిలబెట్టి "కుడి కాలు పెట్టి రా" అనడం మన దగ్గర అలవాటు, పడిపోయింది కుడి వైపే అయితే ఆ కాలు గడపకు తట్టుకుంటుంది. అలాంటప్పుడు ఎడమ కాలే ముందు పెట్టించండి.