డైటీషియన్ కావాలంటే కోర్సు ఒక్కటే చాలదు

హన్మకొండలో మా ఆస్పత్రికి వచ్చే డిగ్రీ పిల్లలు అడిగేది ఒకటే: "మేడమ్, ఆన్‌లైన్ సర్టిఫికెట్ చేస్తే డైటీషియన్ అయిపోతామా?" కారమ్మా.

ఇక్కడైతే న్యూట్రిషన్‌లో డిగ్రీ, ఆపైన ఎమ్మెస్సీ లేదా డైటెటిక్స్‌లో పీజీ డిప్లొమా, ఆరు నెలల ఆస్పత్రి ఇంటర్న్‌షిప్, చివరికి ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ పెట్టే ఆర్‌డీ (రిజిస్టర్డ్ డైటీషియన్) పరీక్ష. ఇంటర్న్‌షిప్‌ను సంతకాల కోసం చేయకండి. డయాలసిస్ మీదున్న పెద్దాయనకు చింతపండులో పొటాషియం ఎక్కువని చెప్పి, పచ్చిపులుసు తగ్గించేలా ఒప్పించడం ఏ పుస్తకంలోనూ రాదు. బరువు తగ్గే చార్ట్ ఎవరైనా రాస్తారు.

అమెరికా లెక్క వేరు. మన ఆర్‌డీ అక్కడ నేరుగా చెల్లదు. ముందు మన డిగ్రీ అక్కడి దేనికి సమానమో మదింపు చేయించాలి. అక్కడి డైటెటిక్స్ కోర్సులకు గుర్తింపు ఇచ్చే సంస్థ ఏసెండ్ (ACEND). దాని గుర్తింపు ఉన్న ప్రోగ్రామ్‌లో మిగిలిన కోర్సులు, కనీసం 1,000 గంటల సూపర్‌వైజ్డ్ ప్రాక్టీస్ (పర్యవేక్షణలో చేసే శిక్షణ) పూర్తిచేయాలి. 2024 జనవరి 1 నుంచి మాస్టర్స్ కూడా తప్పనిసరి. ఆ తర్వాతే అక్కడ డైటీషియన్లను రిజిస్టర్ చేసే సంస్థ సీడీఆర్ (CDR) పెట్టే పరీక్ష. కంప్యూటర్ మీద 125 నుంచి 145 ప్రశ్నలు వస్తాయి. వెనక్కి వెళ్లి జవాబు మార్చుకోవడం కుదరదు, అసలు టెన్షన్ అదే. పాసయ్యాక చాలా రాష్ట్రాల్లో లైసెన్స్ వేరే తీసుకోవాలి.

కన్సల్టెన్సీవాళ్లు "న్యూట్రిషన్ మాస్టర్స్ సీటు" అంటూ ఫోన్ చేస్తే, ఆ ప్రోగ్రామ్ పేరు ఏసెండ్ జాబితాలో చూశాకే డబ్బు కట్టండి. అందులో లేకపోతే ఆ డిగ్రీ ఒక్కదానితో పరీక్షకు కూర్చోనివ్వరు.